తిన్న గుర్రం ఎక్కరాదు

డిసెంబరు రెండో వారంలో కుజ్గున్ తన గుర్రాన్ని కోసుకుని తినేశాడు. మర్నాడు అదే గుర్రమెక్కి కనుమ దిగి వచ్చి, ఇద్దరు వేటగాళ్ల దగ్గరున్న ఎండు మాంసమంతా దోచుకుపోయాడు.

నారిన్ పట్టణ గ్రంథాలయంలో కిటికీ పక్క కంప్యూటర్ ముందు కూర్చుని జిపార్ ఆ రాతను రెండుసార్లు చదివింది. దాని కింద అప్పటికే నాలుగు పేజీల గొడవ నడుస్తోంది. తిన్న గుర్రం మీద ఎలా వచ్చావురా అని ఆటగాళ్లంతా విరుచుకుపడుతున్నారు. కుజ్గున్ జవాబు ఒక్కటే: "పన్నెండో నియమం ప్రకారం గుర్రం సంపాదించినవాడు రోజుకు రెండు మజిలీలు పోవచ్చు. పదిహేనో నియమం ప్రకారం గుర్రాన్ని తింటే పది రోజులు ఆకలుండదు. తిన్న గుర్రం ఎక్కకూడదని ఏ నియమంలో ఉందో చూపించండి, దిగిపోతాను."

ఎక్కడా లేదు. ఆ నియమాలన్నీ రాసింది జిపారే.

'మంచు కనుమ' అనే ఆ ఫోరం ఆమె పెట్టి ఏడాది కావస్తోంది. బొమ్మలుండవు, చప్పుళ్లుండవు, అంతా రాతే. మంచు పడి దారి రెండు వైపులా మూసుకుపోయిన ఒక కనుమలో నలభై మంది చిక్కుకుపోయారు. ఒక్కో ఆటగాడూ ఒక్కో మనిషి. "నేను బండ చాటున మంట వేశాను" అని ఒకరు రాస్తే, "ఆ పొగ చూసి నేను వచ్చాను, చేతిలో కత్తి ఉంది" అని మరొకరు రాస్తారు. వసంతం దాకా బతికి ఉన్నవాళ్లు గెలిచినట్టు. బిష్కెక్ నుంచి, ఓష్ నుంచి, సరిహద్దు దాటి అల్మాటీ నుంచి కూడా ఆడేవాళ్లున్నారు. వాళ్లలో ఒక్కరి మొహమూ జిపార్ చూడలేదు. పాఠకులు అట్టే రాని గ్రంథాలయంలో ఇరవై ఏడేళ్ల ఆ పిల్లకు పగలంతా వాళ్లే చుట్టాలు.

మొదట మూడే నియమాలుండేవి. ప్రతి మనిషికీ పది నిప్పు కణికలు. చలికీ ఆకలికీ దెబ్బకీ కణికలు పోతాయి. అన్నీ పోతే ఆఖరి ఊపిరి. కుజ్గున్ వచ్చాక అవి పదిహేడు పేజీలయ్యాయి. మూడు వైపులా రాయి ఉన్న చోటు గుహ కిందే లెక్క అని రాస్తే, వాడు మూడు బండల మధ్య నిటారుగా నిలబడి మంచు తుపానులో గుర్రుపెట్టి నిద్రపోయాడు. నిద్రపోతున్నవాణ్ణి దోచుకోరాదు అని రాస్తే, పగలంతా నిద్రపోతూనే నడిచాడు. ఎవడో పనీ పాటా లేని కాలేజీ కుర్రాడై ఉంటాడని జిపార్ అనుకుంది. పళ్లు కొరుక్కుంటూ పద్దెనిమిదో పేజీ తెరిచి, "తిన్న గుర్రం ఎక్కరాదు" అని టైపు చేసింది.

చేసి, తనలో తాను నవ్వుకుంది.

గుర్రం సంగతి తేలినా పోట్లాటల సంగతి తేలలేదు. నేను కొట్టానంటే నేను తప్పుకున్నానంటారు. పాచికలు వేసి తేల్చుకోమంటే ఎవరి పాచిక వాళ్లే వేసుకుని, ఎవరికి వాళ్లు ఆరు పడిందని రాస్తారు. పైసా ఖర్చు లేకుండా దొరికిన ఆ ఫోరంలో పాచికలేసే సదుపాయం లేదు. నవంబరులో నలభై మందిలో పధ్నాలుగు మంది అలిగి వెళ్లిపోయారు.

ఈ గోడంతా జిపార్ ఆ సాయంత్రం భోజనాల దగ్గర వెళ్లబోసుకుంది. తండ్రి ఒస్మోన్‌కుల్ వింటూ రొట్టె తుంచుతున్నాడు. ఆయన ముప్ఫై ఒక్క ఏళ్లు నారిన్ నుంచి తొరుగార్త్ సరిహద్దు దాకా లారీ తోలాడు. కిందటేడు నడుము పట్టేసి బండి దిగాడు. దిగిన నాటి నుంచి పొద్దున్నే లేవడం, వాకిట్లో మంచు ఎత్తడం, ఆనక మళ్లీ పొద్దుపోయేదాకా ఏం చెయ్యాలో తోచక గోడకేసి చూడటం.

"నీ చలి లెక్కే తప్పు తల్లీ," అన్నాడాయన.

"పోట్లాట గురించి చెప్తుంటే చలి అంటావేంటి నాన్నా?"

"పోట్లాటంటే చలే. కొట్టినవాడికి ఏం పోతుందన్నావు?"

"కొట్టినవాడికి ఏమీ పోదు. దెబ్బ తిన్నవాడికి రెండు కణికలు పోతాయి."

"అదిగో, అదే చెప్తున్నా. కొట్టుకున్నవాడికి చెమట పట్టదూ? ఒంటి మీద గుడ్డ తడిసిందా లేదా? ఆ తడి ఆరేటప్పుడు మనిషిని పీల్చేస్తుంది. కనుమలో మేం టైరు మార్చాలన్నా నిమ్మళంగా మార్చేవాళ్లం, చెమట పట్టకుండా. గెలిచినవాడే ముందు పోతాడక్కడ."

జిపార్ చెంచా పక్కన పెట్టి కాగితం అందుకుంది. పోట్లాడిన ఇద్దరికీ, గెలిచినా ఓడినా, గంట తరవాత ఒక కణిక పోవాలి. ఆమె రాస్తుంటే తల్లి బుబూష్ గిన్నెలు సర్దుతూ, "బండి దిగినా బుర్ర కనుమలోనే ఉంది ఈయనకి," అని విసుక్కుంది.

ఆ రాత్రి మాటల్లోనే రెండో సంగతీ తేలింది. ఒస్మోన్‌కుల్ లేచి వెళ్లి, బీరువా అడుగు నుంచి ఓ గుడ్డసంచి తెచ్చి నేల మీద బోర్లించాడు. గొర్రె చీలమండ ఎముకలు. ఆయన చిన్నప్పుడు ఆడినవి, నున్నగా, తేనెరంగు తిరిగి ఉన్నాయి.

"పాచికలు లేవని ఏడుస్తావెందుకు? ఇవుండగా."

ఆ ఎముక సంగతి కొండల్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. విసిరితే వెల్లకిలా పడుతుంది, లేదా బోర్లా పడుతుంది. పక్క మీద నిలబడటం ఏ ఐదుసార్లకో గానీ జరగదు. నిలబడితే పిల్లలు వీధి దద్దరిల్లేలా కేకలేస్తారు.

"ఎవరి ఎముక వాళ్లేస్తే అబద్ధాలాడతారు. నేనేస్తాను. నాకు ఎవడు చుట్టం, ఎవడు పగ?" అన్నాడు ఒస్మోన్‌కుల్.

అలా మొదలైంది. రోజూ సాయంత్రం ఆరింటికి టీ తాగాక, ఆయన పొయ్యి పక్కన కంబళి మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. జిపార్ ఒక్కో పోట్లాటా చదివేది. ఆయన విసిరేవాడు. వెల్లకిలా పడితే దెబ్బ తగిలినట్టు, బోర్లా పడితే తప్పినట్టు. పడిన తీరుతో పాటు ఆయన అన్న మాటలు కూడా జిపార్ ఫోరంలో పెట్టేది. "దామిర్ కత్తి గురి తప్పింది. తడి చేతితొడుగుతో కత్తి పట్టుకుంటే అంతే బాబూ, ఆరబెట్టుకో." "ముగ్గురూ ఒకే రొట్టె కోసం కొట్టుకున్నారు. ఎముక మంచిది కాబట్టి ముగ్గురికీ దెబ్బలు తగిలాయి."

ఆటగాళ్లకు ఆ మాటలు తెగ నచ్చాయి. అలిగి పోయిన పధ్నాలుగు మందిలో పదకొండు మంది తిరిగొచ్చారు. "ఒస్మోన్ అతా ఇవాళ ఏమన్నారు?" అని, తమ ఇంటి పెద్దాయన్ని తలచుకున్నట్టు, ఆరు దాటగానే వరసగా అడిగేవాళ్లు. అగ్గిపుల్లలు చంకలో పెట్టుకుంటే తడవవా అని ఒకడు, ఎండబెట్టిన పెరుగు కురుత్ ఉండ ఒకటి నోట్లో పెట్టుకుని ఎంత దూరం నడవొచ్చు అని మరొకడు. ఒస్మోన్‌కుల్ ప్రతిదానికీ ఆలోచించి జవాబు చెప్పేవాడు. గోడకేసి చూడటం మానేశాడు. తండ్రి గడ్డం గీసుకుని ఆరింటి కోసం ఎదురుచూడటం గమనించి, జిపార్ తాను ఇంకో రెండు పేజీల నియమాలు రాయడానికైనా సిద్ధమే అనుకుంది.

డిసెంబరు ఆఖర్లో కుజ్గున్ దగ్గర నుంచి ఆమెకు విడిగా ఒక ఉత్తరం వచ్చింది.

"నిర్వాహకురాలికి. ఆఖరి ఊపిరిలో ఉన్నవాడికి ఎముక నిలబడితే ఒక కణిక మిగులుతుంది, పడిపోతే చావు అని మీ నియమం. నేను మా ఇంట్లో ఎముకను వెయ్యిసార్లు వేసి చూశాను. రెండు వందల పన్నెండుసార్లు నిలబడింది. ఈ నెలలో మీ ఇంట్లో ఆఖరి ఊపిరి ఎముక తొమ్మిదిసార్లు వేశారు. తొమ్మిదికి తొమ్మిదిసార్లూ నిలబడింది. మీ ఇంటి నేల వాలుగా ఉందా, వేసేవారి గుండె వాలుగా ఉందా?"

వెయ్యిసార్లు వేసిన మనిషి ఎలాంటివాడో గానీ, లెక్క మాత్రం నిజమే. జిపార్ ఆ సాయంత్రం పోట్లాటలన్నీ చదివి, చివర్న, "ఎలిక్‌ది ఆఖరి ఊపిరి నాన్నా," అని చెప్పి, నీళ్లు తాగే మిషతో వంటింట్లోకి నడిచి తలుపు చాటున ఆగింది.

ఒస్మోన్‌కుల్ ఎముకను రెండు చేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టుకున్నాడు. విసిరాడు. బోర్లా పడింది. తల తిప్పి అటూ ఇటూ చూశాడు. చూపుడువేలితో మెల్లగా లేపి నిలబెట్టాడు. తరవాత ఊరంతటికీ వినబడేలా, "అల్చీ! నిలబడిందమ్మాయ్, రాసుకో!" అని కేకేశాడు.

"చూశాను నాన్నా," అంది జిపార్ గుమ్మంలోకి వచ్చి.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అరవై నాలుగేళ్ల మనిషి బల్ల కింద దొరికిన పిల్లాడిలా ఎముకను గుప్పిట్లో దాచుకున్నాడు.

"తొమ్మిదిసార్లూ ఇంతేనా?"

"తొమ్మిదా? రెండుసార్లు దానంతటదే నిలబడింది."

"నాన్నా!"

"మరేం చెయ్యమంటావే? ఆ ఎలిక్ అనే పిల్ల నాలుగు రోజులుగా మంచులో పడుంది. నువ్వే చదివావుగా, కాలి మేజోడు చింపి తమ్ముడి చేతికి చుట్టిందని. అలాంటిదాన్ని, ఎముక బోర్లా పడిందని చంపేసి టీ తాగమంటావా?"

"అది నిజం పిల్ల కాదు. రాసేది బిష్కెక్‌లో హాస్టల్లో కూర్చుని సంసాలు తింటూ ఉంటుంది."

"సంసాలు తినేది వేరు. మంచులో ఉన్నది వేరు." ఆయన గొంతు తగ్గించాడు. "నీకు తెలీదు తల్లీ."

కోపం తెచ్చుకుందామని వచ్చిన జిపార్ ఆయన పక్కన కూర్చుంది. ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఎనభై ఏడు, ఫిబ్రవరి. సరుకు ఆలస్యమైందని పరుగు మీద వస్తున్నా. కనుమ దిగువ మలుపులో ఒకడు నిలబడి చెయ్యి ఊపాడు. తాగుబోతనుకున్నా. ఆపితే ఎక్కుదలలో మళ్లీ బండి కదలదేమో అనుకున్నా. ఏదో ఒకటి అనుకున్నాలే. ఆపలేదు. రెండు గంటల తరవాత వేరే డ్రైవరు ఎక్కించుకున్నాడు. బతికాడు. కాలివేళ్లు నాలుగు, చేతివేళ్లు రెండు తీసేశారు."

"ఎవరు నాన్నా?"

"బజార్లో ఉల్లిపాయలమ్మే జెకెన్."

జిపార్ వంటింటి గుమ్మం పక్కనున్న ఉల్లిపాయల సంచి వైపు చూసింది. ఇంట్లో ఎప్పుడూ అవసరానికి మించి ఉల్లిపాయలుంటాయి. మొలకలొచ్చినా తండ్రి మళ్లీ సంచి నింపుకొస్తాడు. తల్లి ఇరవై ఏళ్లుగా ఆ సంగతి మీద సణుగుతూనే ఉంది. వంటింట్లో బుబూష్ గిన్నెల చప్పుడు ఆగింది.

"ఆయనకి తెలుసా, ఆ లారీ నీదని?"

"తెలీదు. పైగా నాకు రెండు ఎక్కువేస్తాడు." ఒస్మోన్‌కుల్ ఎముకను సంచిలో పడేశాడు. "నేను పనికిరాను తల్లీ దీనికి. ఎవరి చేతైనా వేయించుకో."

ఎవరి చేతా వేయించుకోవడం జిపార్‌కు ఇష్టం లేదు. అలాగని అబద్ధపు ఎముకతో ఆట నడపడమూ ఇష్టం లేదు. చచ్చే భయం లేకపోతే బతకడంలో ఏం ఆట? రెండు రోజులు కొట్టుమిట్టాడి, చివరికి కుజ్గున్‌కే నిజం రాసేసింది. తండ్రి ఎందుకలా చేశాడో రాయలేదు గానీ, చేశాడని రాసింది. కింద తన ఫోన్ నంబరు పెట్టింది, తిట్టాలంటే తిట్టమని.

పది నిమిషాల్లో ఫోన్ మోగింది. ఆడగొంతు, అలవాటైన అధికారం ఉన్న గొంతు.

"జిపార్ ఉందా? నేను కుజ్గున్‌ని."

"మీరా?"

"ఏం, నేను కాకూడదా? రాకియా అంటారు నన్ను. మా ఊరు తలాస్. నలభై ఏళ్లు లెక్కలు చెప్పాను. మా చెల్లెలి మనవరాలి పెళ్లికి నెల మొదట్లో మీ ఊరొస్తున్నా. ఆ ఎముకలేసే ఆయన్ని చూడాలి."

జనవరి ఐదున ఆమె వచ్చింది. పొట్టి మనిషి, అరవై ఏడేళ్లు, తల చుట్టూ గట్టిగా బిగించిన రుమాలు, చేతిలో చిన్న మూట. ఆరు నెలలుగా జనాన్ని దోచుకు తింటున్న బందిపోటు ఆమేనని చెబితే బుబూష్ నమ్మలేదు.

"మా తలాస్ చిక్కుడుగింజలు," అని మూట అందించి, బూట్లు విప్పి, ఒస్మోన్‌కుల్ ఎదురుగా కూర్చుంది. "నువ్వేనా తమ్ముడూ, చచ్చినవాళ్లను లేపేది?"

"నువ్వేనా ఎజె, తిన్న గుర్రాన్ని తోలేది?" అన్నాడాయన, పెద్దక్కను పిలిచినట్టు.

ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఆమె నవ్వింది.

"నియమంలో కన్నాలెతకడం మీకు సరదానా ఎజె?" అని జిపార్ ఉండబట్టలేక అడిగింది. "ఆర్నెల్లుగా నా ప్రాణం తోడేస్తున్నారు."

"నీ నియమాలు బాగుంటాయే పిల్లా. ఎవరో ఒకరు శ్రద్ధగా చదవాలిగా? నలభై మందిలో నేనొక్కదాన్నే మొదటి నుంచి చివరిదాకా చదివాను. మిగిలినవాళ్లు కత్తి ఎంత పొడుగో చూసుకుని దిగిపోయారు." ఆమె టీ గిన్నె అందుకుంది. "నా భర్త పోయాక సాయంత్రాలు మహా పొడుగయ్యాయి. అప్పుడు మా మనవడు మీ ఫోరం చూపించాడు. నేనాడుతుండగానే పద్దెనిమిది పేజీలయ్యాయి! పరీక్ష పేపరు దిద్దుతున్నంత హాయిగా ఉంది నాకు."

భోజనాలయ్యాక నేల మీద గుడ్డ పరిచారు. జిపార్ కాగితాలు పెట్టింది. చిక్కుడుగింజలు కణికలయ్యాయి, ఒక్కొక్కరి ముందు పదేసి. రాకియా రెండుసార్లు ఒస్మోన్‌కుల్‌ని దోచుకుంది. మూడోసారి ఆయన గింజలు గుప్పిట్లో పెట్టుకుని, జిపార్‌వి అయిపోయాయి, ఇవి దానికి కావాలని ఇవ్వనన్నాడు.

"ఇదే నీ జబ్బు," అంది రాకియా. "దయ ఉంది నీకు. తప్పు లేదు. కానీ నీ దయకి ఖరీదు లేదు తమ్ముడూ. వేలితో ఎముక లేపితే నీకేం పోయింది? ఏమీ పోలేదు. ఖరీదు లేని దయ లెక్కలోకి రాదు."

ఒస్మోన్‌కుల్ గుప్పిట విప్పి గింజల్ని గుడ్డ మీద పోశాడు. తరవాత తన కుప్పలోంచి ఒకటి తీసి, చేత్తో గుడ్డ మీద జరుపుతూ తీసుకెళ్లి, ఖాళీ అయిపోయిన జిపార్ కుప్పలో పెట్టాడు.

"బండి ఆపడమంటే ఇదే. ఆపితే నా వేడి కొంత పోతుంది. ఆలస్యమవుతుంది. అక్కడే దిగబడిపోవచ్చు. అయినా ఆపాలా వద్దా అనేది తోలేవాడి చేతిలో ఉంటుంది, ఎముక చేతిలో కాదు," అన్నాడు.

జిపార్ కలం తీసింది. ముగ్గురూ కలిసి పొద్దుగూకే దాకా రాశారు, కొట్టేశారు, మళ్లీ రాశారు. చివరికి తేలిందిది: ఎవరైనా ఆఖరి ఊపిరికి వస్తే ఎముక వెంటనే వెయ్యకూడదు. మర్నాడు ఆరింటి దాకా ఆగాలి. ఒక మజిలీ దూరంలో ఉన్నవాళ్లెవరైనా ఆ లోపల వచ్చి, తమ కణికల్లో ఒకటి ఇచ్చి, ఒక రోజు ప్రయాణం వదులుకుంటే ఆ మనిషి బతుకుతాడు. ఎవరూ రాకపోతే ఎముక. అది ఎలా పడితే అలాగే. ఎలిక్‌తో సహా ఇదివరకు లేచినవాళ్లు మాత్రం లేచినట్టే.

"ఇచ్చిన కణిక మర్నాడు కత్తి చూపించి వెనక్కి లాక్కోవచ్చా?" అని రాకియా కళ్లు మెరిపించింది.

"లాక్కోరాదు!" అని తండ్రీ కూతురూ ఒకేసారి అన్నారు. జిపార్ అది కూడా రాసింది.

"ఎముక వేసేటప్పుడు సాక్షి కావాలి," అంది రాకియా.

"నేనుంటాను," అంది బుబూష్ గుమ్మంలోంచి. "ఈయన వేలు కదిలితే అట్లకాడతో ఒకటిస్తా."

ఆ వారం ఒస్మోన్‌కుల్ బజారుకెళ్లి రెండు గంటలు రాలేదు. వచ్చేసరికి చేతిలో ఉల్లిపాయల్లేవు. బుబూష్ ఖాళీ సంచి అందుకుని మేకుకి తగిలించింది. రాత్రి జిపార్‌తో మాత్రం ఆయన, "చెప్పేశాను," అన్నాడు. "ఏమన్నాడు?" అంటే, "తక్కెడ కింద పెట్టాడు. తరవాత, నేనా రోజు నిజంగానే కొంచెం తాగి ఉన్నానన్నాడు," అని దుప్పటి ముసుగేసుకున్నాడు.

కొత్త నియమం ఫోరంలో పెట్టాక మూడు వారాల్లో ముగ్గురు ఆఖరి ఊపిరికి వచ్చారు. ముగ్గురి దగ్గరికీ ఎవరో ఒకరు వచ్చారు. దామిర్ కోసమైతే ఇద్దరు పోటీపడి వచ్చి, నేను ముందంటే నేను ముందని దాని మీద కూడా పోట్లాడుకుని, చెమట పట్టి ఇద్దరూ చెరో కణికా పోగొట్టుకున్నారు. ఒస్మోన్‌కుల్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఫిబ్రవరి రెండో వారంలో కుజ్గున్ వంతు వచ్చింది. ఒకే రోజు మూడు పోట్లాటలకు దిగి, మూడూ గెలిచి, ఆ చెమటకే కుప్పకూలాడు. ఒక మజిలీ దూరంలో ఐదుగురున్నారు. ఐదుగురికీ కుజ్గున్ చేతిలో ఏదో ఒకటి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఒక్కరూ రాయలేదు. మూడింటికి ఎలిక్ రాసింది. ఆమెకు మూడు కణికలున్నాయి. "మలుపు దాకా వచ్చాను. మంచులో పడి ఉన్నాడు. పక్కన వాడి సంచి తెరిచి ఉంది. పైనే మా తమ్ముడి చేతితొడుగులు. చాలాసేపు నిలబడ్డాను. తొడుగులు తీసుకుని వెళ్లిపోతున్నాను."

జిపార్ ఆ మాటలు పొయ్యి పక్కన చదివి వినిపించింది. ఒస్మోన్‌కుల్ కూర్చున్న చోటే సర్దుకున్నాడు.

"ఎవరినైనా రమ్మని నువ్వు రాయకూడదా?"

"రాయకూడదు నాన్నా."

"రాకియా ఎజె తనంతట తను బతిమాలుకోవచ్చుగా? ఒక్క మాట రాస్తే ఆ పిల్ల ఆగేదేమో."

"ఆవిడ రాయదు. మనకి తెలుసుగా."

ఆరయింది. బుబూష్ ఇత్తడి పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టి, అట్లకాడ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒస్మోన్‌కుల్ ఎముకను చేతుల మధ్య ఎప్పటికంటే ఎక్కువసేపు ఉంచుకున్నాడు. ఎవరూ తొందర పెట్టలేదు. విసిరాడు. పళ్లెంలో ఖంగున దొర్లి, అంచుకి తగిలి, ఒక్క క్షణం నిలబడబోయినట్టే కనిపించి, వెల్లకిలా పడింది.

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"చూశాను," అంది బుబూష్ మెల్లగా. అట్లకాడ పక్కన పెట్టి, భర్త గిన్నెలో టీ పోసింది.

జిపార్ ఫోరంలో ఒక్క వాక్యమే రాసింది. ఏదైనా చెప్పమని తండ్రిని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. ఫోన్ మోగింది. తలాస్ నుంచే. జిపార్ దాన్ని తండ్రి చెవికి ఆనించింది గానీ, రాకియా గొంతు గదంతా వినబడింది.

"ఏం తమ్ముడూ, వెల్లకిలా పడ్డానటగా?"

"నిలబడబోయింది ఎజె. దేవుడి తోడు, నిలబడబోయింది."

"ఏడుస్తున్నావా ఏంటి? చచ్చింది నేను!"

"లేదు. పొగ."

"బాగా వేశావు. ఆ పిల్లా బాగా చేసింది, నేనైనా అంతే చేసేదాన్ని. వాడంత నీచుడి కోసం ఎవరొస్తారు?" అవతల టీ గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. "కానీ మలుపు దాకా వచ్చిందయ్యా. అది చదివి నేను లేచి ఇల్లంతా రెండుసార్లు తిరిగొచ్చాను. మలుపు దాకా వచ్చింది చూడు."

"వచ్చింది ఎజె."

"సరే, వాడి సంగతి వదిలెయ్. నేను కొత్త మనిషిగా వస్తున్నా. ఈసారి దొంగని కాను. ముసల్దాన్ని, సమోవర్ మోసుకుని తిరుగుతుంటా. దారినపోయేవాళ్లకి టీ పోస్తా. చెప్పు, ఆ ఎత్తులో నీళ్లు మరగడానికి ఎంతసేపు పడుతుంది?"

ఒస్మోన్‌కుల్ కళ్లు తుడుచుకుని నిటారుగా కూర్చున్నాడు. "సమోవరా? మతుందా నీకు? కనుమలో సమోవర్ ఎవడు మోస్తాడు? అది ఎంత బరువో తెలుసా? పైగా ఇత్తడి. చలికి చెయ్యి అంటుకుంటే తోలూడొస్తుంది."

"నియమాల్లో సమోవర్‌కి బరువు రాయలేదు. చూసుకున్నా."

"రాస్తాం!" అన్నాడు ఒస్మోన్‌కుల్. "జిపార్, కాగితం తియ్యి. రాయి. నిండు సమోవర్ మోసేవాళ్లు రోజుకి సగం మజిలీయే పోవాలి. ఖాళీదైతే..."

"ఖాళీదైతే మొత్తం మజిలీ. మరి మంచు మీద లాక్కుంటూ పోతే?" అంది ఫోన్లో గొంతు.

"లాక్కుంటూనా?" ఆయన ఆలోచనలో పడ్డాడు. "లాక్కుంటూ అంటే... తాడు ఎంత పొడుగు?"

జిపార్ కలం మూత తీసి, కొత్త పేజీ మీద 'సమోవర్' అని పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత గీసింది.